తోడుకొన్న మాట

ఆంగ్ల సాహిత్యం చదివి, అనువాదాలతో కాలక్షేపం చేస్తున్న నాకు విజ్ఞానశాస్త్రంతో పరిచయం అంతంతమాత్రమే. అయినను బాలల విజ్ఞాన గ్రంథమొకటి తెలుగు చేయడానికి ఒప్పుకొన్నాను. చిక్కని జెలటిన్ ద్రావణం చల్లారి జెల్‌గా మారే ఘట్టం వచ్చినపుడు, నిఘంటువు తిరగవేసి "ఘనీభవనం" అని వ్రాసి, నిశ్చింతగా పుట త్రిప్పాను.

గ్రంథం అచ్చయిన పిమ్మట ఒక విద్యార్థి జాబు వ్రాశాడు: "జెల్లీలోని నీరు ఘనీభవిస్తే మంచు కావాలి కదా! మరి అది చేతికి మంచులా గట్టిగా తగలదేమి?"

జాబు అందిననాడు రుఆబాంధాలో మే నెల ఎండ నిప్పులు చెరుగుతున్నది. భిలాయి ఉక్కు కర్మాగారంలో కొలువు కోసం తెలుగునాడు విడిచి వచ్చిన కుటుంబం మాది. ఆనాడు కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో నేనుంచిన జెలటిన్ జెల్లీ సాయంత్రానికి నీరైపోయింది. అమ్మ పాలతో చేసిన చైనాగ్రాస్ మాత్రం బల్లమీదనే చెక్కుచెదరకుండా నిలిచింది.

రెండింటిలోనూ ఉన్నవి పొడవైన గొలుసుల వంటి అణువులే. వేడిలో విడివిడిగా తిరుగాడి, చల్లారగానే ఒకదానినొకటి పెనవేసుకొని వల అల్లుతాయి. నీరు నీరుగానే ఉండి ఆ వలలో చిక్కుకొంటుంది. ద్రావణం మరీ పలుచనైతే వల కుదరదు. జెలటిన్ వల సుమారు 35 డిగ్రీలలోపే విడిపోతుంది. చైనాగ్రాస్, అనగా అగర్, 35–40 డిగ్రీల వద్ద బిగిసినా, మరల కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి! 1881లో రాబర్ట్ కోఖ్ ప్రయోగశాలలో పనిచేస్తున్న వాల్టర్ హెస్సె, సూక్ష్మజీవులను పెంచే జెలటిన్ వేడికి కరిగిపోతున్నదని విచారిస్తుంటే, వంటింటి అగర్‌ను సూచించినది ఆయన భార్య ఫానీ.

అమ్మకు జాబు చదివి వినిపించాను. "ఘనీభవనమేమిటే? నీళ్ళు గడ్డకడతాయి, నెయ్యి పేరుకుంటుంది, పెరుగు తోడుకుంటుంది. ఇది పెరుగులాంటిదే కదూ?" అన్నది.

పెరుగు తోడుకొనేది పులుపు వలన, చల్లదనం వలన కాదు. చైనాగ్రాస్‌కు మనం తోడు వేయము. అయినా పెరుగులోనూ ఉన్నది మాంసకృత్తుల వల, అందులో చిక్కిన నీరే. మాట పూర్తిగా అతకదు గాని, నీటిని గురించి అబద్ధమాడదు.

పొరపాటు నాదేనని ఆ విద్యార్థికి వ్రాశాను. మలి ముద్రణలో "జెల్‌గా తోడుకొనుట" అని దిద్దించాను. తొలి ముద్రణ ప్రతులు ఇంకా బడులలో ఉన్నాయి. వాటిలో ఘనీభవనమే.