బొగ్గుట్టకు ఓ లాంగ్ డ్రైవ్

ట్రావెల్ రీల్స్ చూసేవాళ్లకు కూబర్ పీడీ పేరు ఎప్పుడో ఒకసారి తగిలే ఉంటుంది. ఆస్ట్రేలియా ఎడారిలో ఓపల్ రాళ్లు తవ్వే ఊరు. ఎండకు తట్టుకోలేక జనం నేల కిందే ఇళ్లు కట్టుకున్నారు, చర్చి కూడా కిందే. అద్దె కారేసుకుని వందల కిలోమీటర్లు వెళ్లి మరీ దాన్ని చూసొస్తారు. మనకూ అలాంటి గనుల ఊరొకటి ఉంది. ఎడారి బదులు అడవి, ఓపల్ బదులు బొగ్గు. పేరు ఇల్లందు. చుట్టుపక్కల వాళ్లకు మాత్రం అది బొగ్గుట్ట.

మేం నలుగురం హైదరాబాద్‌లో సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని మబ్బులోనే బయల్దేరాం. సూర్యాపేట మీదుగా ఖమ్మం వెళ్లే దారి అది. మొదటి స్టాప్ కుసుమంచి.

కుసుమంచిలో ఓ గంట

చాలామంది ఈ ఊరిని కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు. ఆగండి. ఇక్కడి గణపేశ్వరాలయం కాకతీయుల కాలం నాటిది. లోపల శివలింగం ఎంత పెద్దదంటే, ఫోన్‌లో పూర్తిగా పట్టించాలంటే నాలుగడుగులు వెనక్కి వేయాల్సిందే. దగ్గర్లోనే ముక్కంటేశ్వరాలయం. రెండూ రాతి కట్టడాలే. దాదాపు 800 ఏళ్ల కిందట ఈ నేలలోంచి తీసిన రాయి ఇంకా నిలబడే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, సాయంత్రానికి పనికొస్తుంది. కాస్త పక్కనే పాలేరు రిజర్వాయర్. కట్ట మీద గాలి పీల్చుకుని ఖమ్మం చేరేసరికి టిఫిన్ టైమ్ అవుతుంది.

సింగరేణి ఒక ఊరి పేరు

ఖమ్మం దాటాక కారేపల్లి మీదుగా వెళ్లండి. ఈ మండలం పేరు సింగరేణి. అంత పెద్ద కంపెనీకి పేరిచ్చిన ఊరు ఇక్కడే ఉంది. గోదావరిఖని, శ్రీరాంపూర్ అంటే గనులు గుర్తొచ్చే మనకు మొదలు ఎక్కడో తెలియకపోవడం విచిత్రమే.

భద్రాచలం యాత్రకు పోతున్న భక్తులు ఇల్లందు దగ్గర నల్లరాళ్లు పొయ్యిగా పెట్టి వంట చేస్తుంటే ఆ రాళ్లే అంటుకున్నాయని ఇక్కడ కథగా చెబుతారు. కాగితం మీద ఉన్నదేమో 1871. ఆ ఏడాది జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇక్కడ బొగ్గు గుర్తించారు. ఆయన పేరుతోనే ఒక బొగ్గు పొరను కింగ్ సీమ్ అంటున్నారు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920 డిసెంబరు 23న ఇప్పటి సింగరేణి కాలరీస్ ఏర్పడింది. ఏటా ఆ రోజే సింగరేణి డే.

ఇది గుట్ట కాదు బిడ్డా

ఇల్లందు దగ్గరపడుతుంటే దూరంగా గుట్టలు కనిపిస్తాయి. పైభాగం బల్లపరుపుగా, పక్కలు మెట్లు మెట్లుగా, అక్కడక్కడా పచ్చగా. మా వాడొకడు వ్యూ పాయింట్ అనుకుని కెమెరా తీశాడు. చాయ్ బండి దగ్గర కూర్చున్న రిటైరైన కార్మికుడు నవ్వాడు. "గుట్టనుకుంటున్నవా బిడ్డా? తవ్వి పోసిన మట్టి అది."

ఓపెన్‌కాస్ట్ అంటే అంతే. బొగ్గు మీదున్న మట్టీ రాయీ మొత్తం ఎత్తి పక్కన పోస్తారు. దాన్నే ఓబీ డంప్ అంటారు. అడవి పోయిన చోట గుంత, గుంత పక్కన గుట్ట. దాని మీద మళ్లీ మొక్కలు నాటతారు గానీ అది పాత అడవి కాదు.

పెద్దాయన 'బాయి' అనే మాట వాడాడు. ఇక్కడ భూగర్భ గనిని బొగ్గుబాయి అంటారు. బాయిలోకి దిగేటప్పుడు నెత్తిన లైటు, చేతిలో తట్ట, పైకొచ్చేసరికి కళ్లు తప్ప అంతా నలుపు. ఊరి గడియారం సైరనే. ఇల్లందులో ఇప్పుడు పని నడిచేది ఓపెన్‌కాస్టుల్లోనే. "కిందికి దిగింది మా తరం. మీకు పైనుంచి చూసుడే మిగిలింది" అన్నాడాయన.

ఆ మాట వెనక లెక్క ఉంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా కార్మికులుండేవారు, ఏడాదికి తవ్వింది 2 కోట్ల టన్నుల దరిదాపుల్లో. ఇప్పుడు 6 కోట్ల టన్నులు దాటింది, కార్మికులు 40 వేల దగ్గరికొచ్చారు. బొగ్గు మూడింతలు, మనుషులు సగం కూడా లేరు. మన ఫీల్డ్‌లో ఆటోమేషన్ గురించి రోజూ మాట్లాడుకుంటాం. అది ఒక ఊరికి జరిగితే ఎలా ఉంటుందో ఖాళీ క్వార్టర్ల వీధిలో కారు నెమ్మదిగా పోనిస్తే తెలుస్తుంది. తలుపుల్లేని గుమ్మాలు, గోడల్లోంచి మొలిచిన రావి మొక్కలు, ఇంకా మనుషులున్న ఇంటి ముందు ముగ్గు.

కొత్తగూడెం, పాల్వంచ

టేకులపల్లి మీదుగా కొత్తగూడెం దారి మంచి అడవి దారి. కోయగూడెం ఓపెన్‌కాస్ట్ ఇటే. ఎండాకాలమైతే రోడ్డు పక్కన తునికి పండ్లు అమ్ముతారు, వదలకండి. కొత్తగూడెంలో సింగరేణి హెడ్ ఆఫీస్ ఉంది. ఇక్కడి రైల్వే స్టేషన్ పేరు మాత్రం భద్రాచలం రోడ్! రాముడి గుడి అక్కడికి ఇంకో 40 కిలోమీటర్లు.

పాల్వంచలో కేటీపీఎస్ పాత ప్లాంటు కూలింగ్ టవర్లు దశాబ్దాలుగా ఊరికి గుర్తుగా ఉండేవి. 2024 ఆగస్టులో 8 టవర్లనూ కూల్చేశారు. నిమిషాల్లో అయిపోయింది. కుసుమంచి రాయి గుర్తుందా? ఆ గుడికి 800 ఏళ్లు. ఈ టవర్లకు ఓ అరవై.

చివరగా కిన్నెరసాని. ప్లాంటుకు నీళ్ల కోసం కట్టిన డ్యామే ఇప్పుడు అందరి పిక్నిక్ స్పాట్. నీళ్లు, జింకలు, చుట్టూ అభయారణ్యం. సూర్యాస్తమయం ఇక్కడే చూడండి.

వెళ్లేముందు

తెల్ల కారు తీసుకోవద్దు, సాయంత్రానికి రంగు మారుతుంది. కిలోమీటర్ల లిమిట్ చూసుకోండి. ట్యాంకు ఖమ్మంలోనే ఫుల్ చేయించండి. బొగ్గు లారీల వెనక ఓవర్‌టేక్ తొందర వద్దు, వానాకాలంలో రోడ్డు మీద నల్ల బురద జారుతుంది. అనుమతి లేకుండా గని గేటు దాటనివ్వరు, డ్రోన్ ఆలోచన మానుకోండి. గని లోపల చూడాలనుంటే, 2022 చివర్లో ఆర్టీసీ మొదలుపెట్టిన సింగరేణి దర్శన్ లాంటి టూర్లు నడుస్తున్నాయేమో కనుక్కోండి. అవి గోదావరిఖని వైపు.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ చాయ్ బండి దగ్గరైనా ఓ అరగంట కూర్చోండి. బాయిలో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు. ఆ మనుషులు ఉండగానే వెళ్లిరండి.