కాచిగూడ మాస్టారు... పోలీసు జట్టు!

తిరుపతిలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కేసరికి మా బోగీలో అప్పటికే సగం చిత్తూరు ఉంది. పులిహోర పొట్లాలు, లడ్డూ సంచులు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుక్కి తీసుకెళ్తున్న ఊరగాయ జాడీలు... వాటి మధ్య పదేళ్ల కుర్రాడు. ఒంటిమీద మెస్సీ పేరున్న పదో నంబరు చొక్కా. నా చేతిలోని పాత ఫుట్‌బాల్ జట్టు ఫొటో చూసి దగ్గరికొచ్చాడు.

'ఎవురన్నా వీళ్లు? ఏ దేశపోళ్లు?'

'మనోళ్లే నాయనా. పోలీసులు.'

'పోలీసోళ్లు ఫుట్‌బాల్ ఆడతారా!'

వాడి నవ్వులో తప్పేం లేదు. వాళ్ల నాన్నకే కాదు, మనలో చాలామందికి తెలియని కథ ఇది. ఒకప్పుడు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వస్తోందంటే బొంబాయి, కలకత్తా క్లబ్బులు కూడా జాగ్రత్త పడేవి. ఆ కథ తెలుసుకుందామనే ఈ ప్రయాణం. తమాషా ఏమిటంటే, మన రైలు తెల్లారేసరికి ఎక్కడ ఆగుతుందో ఆ కథలో ముఖ్యమైన మనిషిదీ అదే పేట!

బడిపంతులు పాఠం

కాచిగూడ స్టేషన్‌ది నిజాం కాలం. 1916లో కట్టారు. గుమ్మటాలు, మినార్లతో చిన్నపాటి కోటలా ఉంటుంది. మన వైపు నుంచి వచ్చేవాళ్లు సామాన్లు లెక్కపెట్టుకుంటూ, ఆటో బేరం ఆడుకుంటూ తలెత్తి చూడకుండానే బయటికి నడిచేస్తారు. ఈసారి మాత్రం కాసేపు ఆగండి. ఈ పేటలోని మిడిల్ స్కూల్లోనే సయ్యద్ అబ్దుల్ రహీం అనే మాస్టారు పాఠాలు చెప్పేవారు. తర్వాత ఇక్కడికి ఆటోలో కాసేపట్లో చేరుకునే చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పనిచేశారు.

1909లో హైదరాబాద్‌లోనే పుట్టిన రహీం ఉస్మానియాలో చదువుకున్నారు. ఫుట్‌బాల్ ఆడారు కూడా. కానీ ఆయన అసలు ప్రతిభ ఆడించడంలో ఉంది. 1950లో సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత తీసుకుని, చివరిదాకా వదల్లేదు.

ఆయన పద్ధతులే వేరు. అప్పట్లో బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే దూసుకెళ్లేవాడు గొప్ప ఆటగాడు. రహీం సాబ్ ఏకంగా డ్రిబ్లింగే నిషేధించి పోటీలు పెట్టారు. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాల్సిందే! ఇంకో పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలివాటం వాడు ఎడమకాలితో తంటాలు పడాల్సిందే. పొట్టి పిల్లల కోసం ఎత్తు పరిమితి పెట్టి ప్రత్యేకంగా టోర్నీలు నడిపారు. ఖర్చు లేదు, విదేశీ పరికరాలు లేవు. బడిలో మొండి పిల్లవాడికి ఎక్కం నేర్పినట్టు ఆట నేర్పారంతే. రెండు కాళ్లూ ఒకేలా పనిచేసే, బంతిని దాచుకోని ఆటగాళ్లు అలా తయారయ్యారు.

ఆ అయిదేళ్లు

1930ల చివర్లో రూపుదిద్దుకున్న ఈ పోలీసు జట్టు, 1943లోనే బెంగళూరులో యాష్ గోల్డ్ కప్ గెలిచి నలుగురి కళ్లలో పడింది. అసలు వైభవం మాత్రం 1950తో మొదలైంది.

బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు అప్పటికే అరవై ఏళ్ల వయసున్న టోర్నీ. 1950లో దాన్ని గెలిచి పోలీసులు ఇంటికి పట్టుకొచ్చారు. మరుసటి ఏడాదీ వాళ్లదే. ఆ తర్వాతా వాళ్లదే. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు! 1955లో మోహన్ బగాన్ గెలిచేదాకా ఆ కప్పు మరో ఊరి ముఖం చూడలేదు.

అదే 1950లో ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు. యుద్ధం వల్ల 1940 తర్వాత ఆగిపోయిన టోర్నీ, స్వతంత్ర భారతంలో మొదటిసారి జరుగుతోంది. ఫైనల్లో ఎదురుగా మోహన్ బగాన్. 1911లోనే బూట్లు వేసుకున్న తెల్లవాళ్ల జట్టును ఓడించి దేశమంతటికీ ఆరాధ్యమైన క్లబ్బు అది. మొదటిరోజు 1-1తో తేలలేదు. మళ్లీ ఆడించారు. 1-0తో పోలీసులే గెలిచారు. నెల జీతం మీద బతికే ఉద్యోగులు కలకత్తా దిగ్గజాన్ని దించేశారు!

1954లో మళ్లీ డ్యూరాండ్. 1957లో ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి మూడోసారి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నేళ్లకు జట్టు పేరు 'ఆంధ్రా పోలీస్' అయింది. అంటే అప్పట్నుంచి అది చిత్తూరు వాళ్ల జట్టు కూడా. ఆ కొత్త పేరుతో 1961లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. ఓడిపోయింది ఎవరనుకుంటున్నారు... అదే మోహన్ బగాన్!

అద్దె సైకిల్ మీద ఒలింపిక్స్‌కి

చాదర్‌ఘాట్ నుంచి కోఠి మీదుగా వెళ్తే ఫతే మైదాన్ వస్తుంది. గోల్కొండ ముట్టడి సమయంలో మొగల్ సైన్యం ఇక్కడే విడిది చేసిందని చెబుతారు. 1967లో దీనికి లాల్‌బహదూర్ స్టేడియమని పేరు పెట్టారు. పక్కనే నిజాం కాలేజీ. గేటు ముందు నిలబడితే హారన్ల మోతలో మాట వినిపించదు. 1950ల్లో ఇలా ఉండేది కాదు. ఆ రోజుల్లో ఓ బక్కపల్చని కుర్రాడు సికింద్రాబాద్ శివార్లలోని అమ్ముగూడ నుంచి నగరానికి వచ్చేవాడు. పేరు తులసీదాస్ బలరాం.

సంతోష్ ట్రోఫీ ఎంపికకు రమ్మని రహీం సాబ్ పిలిస్తే, రోజూ అంత దూరం రావడానికి తన దగ్గర డబ్బుల్లేవన్నాడట. సైకిల్ అద్దెకు తీసుకో, అద్దె నేనిస్తానన్నారట మాస్టారు. బలరామే పెద్దయ్యాక చెప్పుకున్న ముచ్చట ఇది. హైదరాబాద్ జట్టు 1956-57లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 చివర్లో బలరాం ఒలింపిక్స్ కోసం మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ లాంటి హైదరాబాదీలు అదే జట్టులో ఉన్నారు. కోచ్ మన కాచిగూడ మాస్టారే.

నాలుగేళ్ల ముందు హెల్సింకిలో చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన జట్టు మనది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో ఓడించి సెమీస్‌కు చేరింది. చివరికి నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మనకు అదే అత్యుత్తమం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ లాంటి మేటి జట్టు మీద బలరాం గోల్ కొట్టాడు. ఆ మ్యాచ్‌లో మనం ఓడింది 2-1 తేడాతోనే.

1962 సెప్టెంబరు 4, జకార్తా. ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియా ఎదురుగా ఉంది. రాజకీయ వివాదం వల్ల స్టేడియమంతా భారత్‌కు వ్యతిరేకంగా అరుస్తోంది. పీకే బెనర్జీ, జర్నైల్‌సింగ్ చెరో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదే! ఆ రోజు మైదానం పక్కన కూర్చున్న రహీం సాబ్‌ను అప్పటికే క్యాన్సర్ తినేస్తోంది. పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న ఆయన వెళ్లిపోయారు. ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.

కలకత్తా రైలు

మాస్టారు పోయాక ఏమైంది? కప్పులు ఒక్కసారిగా ఆగలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ కుర్రాళ్లు మాత్రం ఒక్కొక్కరే కలకత్తా రైలెక్కారు. అక్కడ పేరుంది, డబ్బుంది, లక్షమంది చూస్తారు. పోలీసు జట్టులో ఎదిగిన నయీముద్దీన్ అక్కడికి వెళ్లి, 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. మరో హైదరాబాదీ మహమ్మద్ హబీబ్ 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. మ్యాచ్ 2-2తో ముగిసింది. ఒకప్పుడు హైదరాబాద్ వణికించిన క్లబ్బుకే హైదరాబాద్ పిల్లలు బలమయ్యారు!

2023 ఫిబ్రవరిలో బలరాం, ఆగస్టు 15న హబీబ్ కన్నుమూశారు. 2024లో రహీం సాబ్ జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అజయ్ దేవగణ్ మాస్టారిగా నటించాడు. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిస్తే పాత రోజులొచ్చాయనుకున్నారు అభిమానులు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. ఆటగాళ్లే కాదు, ఈసారి క్లబ్బే రైలెక్కింది.

మన గ్రౌండ్లు మనకున్నాయిగా!

తిరుగు ప్రయాణానికి మళ్లీ కాచిగూడే. రాత్రి రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే ఆ కుర్రాడి నవ్వు గుర్తొచ్చింది. తెల్లారి దిగేముందు వాడికి ఆ ఎడమకాలి పోటీ గురించి చెప్పాను. 'అంతేనా? అది మా మెసానికల్ గ్రౌండ్లో మేమూ ఆడొచ్చే!' అన్నాడు.

ఆడొచ్చు. చిత్తూరు మెసానికల్ మైదానంలో అయినా, తిరుపతిలో యూనివర్సిటీ గ్రౌండ్లో అయినా ఆ ఆటకు కావలసింది ఓ బంతి, సాయంత్రం పూట ఓ గంట, పిల్లల వెంట నిలబడే ఓ మాస్టారు. సిటీ పోలీస్ జట్టు కూడా అంతకంటే ఎక్కువ సరంజామాతో మొదలవలేదు.

ఈసారి వెంకటాద్రిలో హైదరాబాద్ వెళ్లినప్పుడు, ఆటో బేరానికి ముందు ఒక్క నిమిషం... పక్కనున్న పిల్లల్ని పిలిచి చెప్పండి. ఇది రహీం మాస్టారి పేట అని!