అమ్మ చదివిన ఆరు అంకెలు

ఏప్రిల్ రెండో వారం, ట్యాక్సుల రోజులు. ఇండియాలో ఉన్న మన ఖాతాల్లో డబ్బంతా కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే, అమెరికా ట్రెజరీకి ఎఫ్‌బార్ అనే ఫారం పంపాలి. గడువు ఏప్రిల్ 15. అది దాటినా అక్టోబరు దాకా దానంతటదే పొడిగిస్తారు గానీ, నాకు ఏ పనీ మిగల్చడం ఇష్టం ఉండదు. ఏడాదిలో ఖాతాలో అన్నిటికన్నా ఎక్కువ ఉన్న నిల్వ ఎంతో రాయాలంటే స్టేట్‌మెంట్ కావాలి. డల్లాస్‌లో రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. మూడుసార్లు తప్పు కొట్టేసరికి లాగిన్ ఆగిపోయింది.

బ్యాంకు పాత పాస్‌వర్డే చెప్పేస్తే సరిపోతుంది కదా అని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. సరిగ్గా నడిచే బ్యాంకు మన పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచదు. లెక్కతో దాన్ని ఇంకో రూపంలోకి మార్చి, ఆ రూపాన్నే దాస్తుంది. పిండి పట్టించాక బియ్యం గింజలు తిరిగి రానట్టే, దాన్నుంచి అసలు మాట రాదు. అందుకే కొత్తది పెట్టుకోవడమే దారి.

ఆ దారిలో ముందు ఎదురైన ప్రశ్న: మీ అమ్మగారి పుట్టింటి పేరు?

మన ఊళ్లలో ఇదేం రహస్యం? మేనమామ ఇంటిపేరు వీధంతా ఎరుగుదురు. మొదటి పెంపుడు జంతువు పేరేమిటి లాంటి ప్రశ్నలతో రహస్యాలు పెట్టించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో రాసింది. పైగా అందరికీ తెలిసిన ఆ పేరే నాకు అడ్డం పడింది. అందులో ఒక దీర్ఘం ఉంది. ఇంగ్లీషులో దానికి యూ పెట్టామా, రెండు ఓలు పెట్టామా? యూ పెట్టాను. తప్పన్నది.

తణుకులో అప్పుడు ఉదయం ఏడున్నర. అమ్మకు ఫోన్ చేశాను. నేను డిగ్రీలో ఉండగా ఆ ఖాతా తెరిపించింది నాన్నే, ఫారం నింపిందీ ఆయనే. నేనిక్కడికి వచ్చాక దాన్నే ప్రవాసులకుండే ఎన్నారో ఖాతాగా మార్పించాం. అమ్మ బీరువా తీసి పాత పాస్‌బుక్కు వెతికింది. వెనక అట్ట లోపల నాన్న నల్ల సిరాతో ఆ పేరు రాసి పెట్టారు. అమ్మ ఒక్కో అక్షరమే పలికింది. దీర్ఘం దగ్గర ఆగి, "ఓ, మళ్లీ ఓ" అంది.

ఇక ఓటీపీ. అది వెళ్లేది నాన్న నంబరుకి. ఆయన పోయాక ఆ ఫోను అమ్మ దగ్గరే ఉంది. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ ఆ నంబరును తీసేయవచ్చు, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు కూడా. అమ్మకు ఈ నిబంధన తెలియదు. అయినా నెలనెలా వీధి చివర కొట్లో రీఛార్జి చేయిస్తూనే ఉంది.

"మెసేజ్ వచ్చిందమ్మా, ఆరు అంకెలున్నాయి. ఎవరికీ చెప్పొద్దని కూడా ఉంది."

"నాకు చెప్పొచ్చులే అమ్మా."

కాసేపు మాట లేదు. "గొంతు నీదే. కానీ గొంతులు కూడా మార్చేస్తున్నారని టీవీలో చెప్పారు. వీడియోలోకి రా తల్లీ."

వచ్చాను. ఆమె కళ్లజోడు సర్దుకుని, ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని నన్ను చూసింది. ఈలోపు ఓటీపీ గడువు అయిపోయింది. నాకు విసుగు రాలేదు, గర్వంగా అనిపించింది. ఇలాంటి ఫోన్లు నమ్మి జీవితకాలం కూడబెట్టింది పోగొట్టుకున్న పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. మీ అమ్మానాన్నలు ఇలా అడిగితే దయచేసి కసురుకోకండి. రెండోసారి వచ్చిన అంకెల్ని అమ్మ తెలుగులో, ఒక్కొక్కటీ వత్తి పలుకుతూ చదివింది. పేజీ తెరుచుకుంది.

పదిన్నరకి స్టేట్‌మెంట్ చేతికొచ్చింది. ఖాతాకి ఇక్కడి నా నంబరే పెట్టించుకుంటానని అమ్మతో అన్నాను. పెద్దవాళ్లను ప్రతిసారీ ఇలా కూర్చోబెట్టడం తగదు.

"పెట్టించుకో, మంచిదే" అంది. "రీఛార్జి మాత్రం నేను మానను."