తట్ట మోసినోళ్ల పేర్లు

మొన్న దుమ్ముగూడెం పోయిన. భద్రాచలం దాటినంక గోదావరి ఒడ్డున, గుట్టల నడుమ కోయల నేల. నదిల పడవలకు అడ్డొచ్చే బండలు మూడు చోట్ల ఉంటే, సముద్రం దిక్కు నుంచి మొదటివి ఇక్కడనే. వాటిని తప్పించి బేరారు పత్తిని దించాలని కాటన్ ఆలోచన. అందుకే కాలువ, లాకులు. అమెరికా అంతర్యుద్ధంతోని ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైన కాలమది. 1867కే నాగపూర్‌కు రైలొచ్చింది. 1871ల ఇక్కడి పని బందు పెట్టిన్రు.

రాతికట్టు మీద చెయ్యి పెట్టి చూసిన. కాటన్, హేగ్ దొరల పేర్లు పుస్తకాలల్ల ఉన్నయ్. తట్ట మోసినోళ్లు?

ఒక అవ్వను అడిగిన. "ఎవరికి యాదుంటది బిడ్డా" అన్నది.

మా జిన్నారంల బాయికాడ మా అమ్మను దూరం నిలబెట్టేటోళ్లు. ఫ్యాక్టరీల నీళ్లు కలిసి చెరువులు, బోర్లు పాడైనంక ఊరంతా ట్యాంకరుకే ఎదురుచూసింది. అప్పుడన్న సమానమైనమా అంటే, అదీ లేదు. ట్యాంకరు మా వాడకొచ్చేసరికి అడుగు నీళ్లే.

వచ్చేటప్పుడు సీసల గోదారి నీళ్లు తెచ్చిన. అమ్మ మూత తీసి వాసన చూసింది.

"తాగొచ్చానురా ఇవి?"