కామా మోయలేని బరువు

తెలుగు పిల్లల ఇంగ్లీషు రచనా వ్యాసంగం సెలవు చీటీతో మొదలవుతుంది. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్, ఐ కెనాట్ కమ్ టు స్కూల్, కైండ్లీ గ్రాంట్ మీ లీవ్." జ్వరం నిజమో కాదో క్లాస్ టీచరు తేల్చుకోవాలి గానీ, వాక్యానికి మాత్రం నిజంగానే ఒంట్లో బాగాలేదు. మూడు పూర్తి వాక్యాలు రెండు కామాలను పట్టుకుని వేలాడుతున్నాయి. సెలవు మంజూరవుతుంది, దాంతోపాటు ఆ అలవాటూ మంజూరవుతుంది. పిల్లవాడు పెద్దవాడై ఉద్యోగంలో చేరితే అదే చీటీ ఆఫీసు మెయిలవుతుంది: "ఐ హావ్ అటాచ్డ్ ద ఫైల్, ప్లీజ్ చెక్ అండ్ కన్ఫర్మ్." పైచదువుకు బయల్దేరితే అమెరికా యూనివర్సిటీకి పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఎస్‌వోపీ) అవుతుంది: "ఐ యామ్ ఫ్రమ్ గుంటూర్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, ఐ వాంట్ టు స్టడీ డేటా సైన్స్." స్పెల్లింగు తప్పు లేదు, టెన్సు తప్పు లేదు. చదివేవాళ్లకు మాత్రం ఎక్కడో తట్టుకుంటుంది.

ఆ తట్టుకోవడానికి ఇంగ్లీషు వ్యాకరణం కామా స్ప్లైస్ అని పేరు పెట్టింది. సొంత కర్తా సొంత క్రియా ఉండి, తనంత తాను నిలబడగల రెండు వాక్యాలను వట్టి కామాతో అతికిస్తే అది కామా స్ప్లైస్. ఆ కామా కూడా లేకుండా ఒకదాని మీదికి ఇంకోదాన్ని తోసేస్తే రన్-ఆన్. కామా గుండుసూది లాంటిది. కాగితాలను కలిపి ఉంచుతుంది, దూలాలను కలపలేదు. పదాల జాబితానో, చిన్న పదబంధాన్నో, వాక్యం మొదట్లో వచ్చే ఉపవాక్యాన్నో అది హాయిగా మోస్తుంది. రెండు పక్కలా పూర్తి వాక్యాలుంటే దాని శక్తి చాలదు.

రన్-ఆన్ అనగానే చాలామంది పొడుగాటి వాక్యం అనుకుంటారు. దీనికి పొడవుతో పనిలేదు. "ఐ కేమ్ హి లెఫ్ట్" నాలుగే పదాలు, అయినా రన్-ఆనే. కలపాల్సిన చోట కలిపే మాట ఉంటే వంద పదాల వాక్యంలోనూ ఈ దోషం ఉండదు. అందుకని "చిన్న చిన్న వాక్యాలు రాయవోయ్" అనే సలహా వినడానికి బాగుంటుంది గానీ రోగం కుదర్చదు.

అసలు చిక్కు కామా పాఠంలోనే ఉంది. కామా దగ్గర ఒకటి లెక్కపెట్టేంతసేపు ఆగమనీ, ఫుల్‌స్టాప్ దగ్గర ఇంకాస్త ఆగమనీ బడిలో చెబుతారు. ఇది మన మాస్టార్ల సొంత కల్పనేమీ కాదు. రాబర్ట్ లౌత్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు 1762లో వెలువరించిన వ్యాకరణంలో ఇదే లెక్క ఉంది: సెమీకోలన్ కామాకు రెట్టింపు, కోలన్ దానికి రెట్టింపు, ఫుల్‌స్టాప్ దానికీ రెట్టింపు. సంగీతంలో స్వరాల నిడివితో పోల్చి మరీ చెప్పాడాయన. ఇంకా వెనక్కి వెళితే, అలెగ్జాండ్రియా గ్రంథాలయం చూసుకున్న బైజాంటియం అరిస్టోఫేనీస్ క్రీస్తుకు పూర్వమే, పైకి చదివేవాళ్ల కోసం వేర్వేరు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి ఏర్పరిచాడు. అంటే ఈ చిహ్నాలు ఊపిరి కోసం పుట్టాయి. అచ్చుపుస్తకాలు పెరిగి జనం మౌనంగా చదవడం అలవాటయ్యాక మెల్లగా వ్యాకరణం చేతికి చిక్కాయి. మనం ఇంకా ఊపిరిని బట్టి కామా పెడుతున్నాం, అవతలివాళ్లు వ్యాకరణాన్ని బట్టి చదువుతున్నారు.

దీనికి మన భాష స్వభావం కూడా తోడవుతుంది. తెలుగు వాక్యానికి పొలిమేర క్రియలోనే ఉంది. "వచ్చాడు" అనగానే మాట ముగిసిందని చెవి గ్రహిస్తుంది. "వచ్చి" అంటే ఇంకా ఏదో ఉందని ఎదురుచూస్తుంది. తాటాకుల మీద రాసిన రోజుల్లో కామా లేదు, పదానికీ పదానికీ ఎడం కూడా లేదు. అయినా చదవడం వచ్చినవాడికి వాక్యం ఎక్కడ తెగుతుందో తెలిసేది. చిన్నయసూరి నీతిచంద్రికలో వాక్యం ఎంత దూరం సాగినా దారి తప్పదు. అసమాపక క్రియలు ఒకదాని చేతికి ఒకటి కథ అందిస్తూ పోతాయి, చివర సమాపక క్రియ వచ్చి ముగింపు పలుకుతుంది. ఇంగ్లీషు నుంచి అచ్చుతో పాటు వచ్చిన కామాలూ చుక్కలూ మనకు చాలావరకు సౌకర్యాలు. కనుక "వాన వచ్చింది, ఆట ఆగిపోయింది" అని రాస్తే తెలుగులో ఎవరూ తప్పు పట్టరు.

ఇంగ్లీషుకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ క్రియ వాక్యం నడుమ కూర్చుంటుంది, దాని తర్వాత ఎంతైనా రావచ్చు. "ఐ సా ద మ్యాన్" దగ్గర ఆగుతుందో, "విత్ ద అంబ్రెల్లా నియర్ ద టెంపుల్" అంటూ సాగుతుందో క్రియ చెప్పదు. హద్దు చెప్పే పని చిహ్నమైనా చెయ్యాలి, కలిపే మాటైనా చెయ్యాలి.

హద్దు ఒక్కటే అయితే ఇంత గొడవ లేదు. రెండు పనుల మధ్య ఉన్న సంబంధాన్ని మనం ప్రత్యయంతో చెబుతాం. తిని వెళ్లాడు, తింటూ వెళ్లాడు, తింటే వెళతాడు, తిన్నా వెళ్లలేదు, తిన్నాక వెళ్లాడు. ధాతువు ఒకటే, తోక మారితే కథ మారిపోతుంది. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని మన వ్యాకర్తలు వీటికి పేర్లు కూడా పెట్టారు. ఇంగ్లీషు క్రియకు ఇన్ని తోకలు లేవు గనక అది వైల్, ఇఫ్, ఆల్దో, ఆఫ్టర్, బికాజ్ లాంటి విడి మాటలను వాక్యం ముందు నిలబెట్టుకుంటుంది. మనం ఇంగ్లీషులో రాసేటప్పుడు క్రియను తీసుకెళతాం, విరామాన్ని తీసుకెళతాం, ప్రత్యయాన్ని ఇక్కడే వదిలేస్తాం. అది ఉండాల్సిన చోట ఒక కామా మిగులుతుంది. నా దృష్టిలో కామా స్ప్లైస్ అంటే ఇదే: రెండు సంగతులకూ ఉన్న చుట్టరికం తెలిసి కూడా చెప్పకుండా దాటవెయ్యడం.

కాబట్టి దిద్దుకునే దారి కూడా తెలుగులోంచే ఉంది. అనుమానం వచ్చిన వాక్యాన్ని ఒకే సమాపక క్రియ ఉండేలా తెలుగులో చెప్పుకుని చూడండి. "-తే" వస్తే ఇఫ్, "-నా" వస్తే ఆల్దో, "-నాక" వస్తే ఆఫ్టర్, "-తూ" వస్తే వైల్, "-నందువల్ల" వస్తే బికాజ్. "-ఇ" వచ్చి కర్త ఒకరే అయితే రెండోసారి కర్తను తీసేసి అండ్ పెడితే సరిపోతుంది. "ఐ వెంట్ టు ద బ్యాంక్, ఐ పెయిడ్ ద ఫీజ్" అనేది "బ్యాంకుకు వెళ్లి ఫీజు కట్టాను" కదా. అంటే "ఐ వెంట్ టు ద బ్యాంక్ అండ్ పెయిడ్ ద ఫీజ్." కామాకు అక్కడ చోటే లేదు.

ఒకే తప్పును ఎన్ని రకాలుగా దిద్దవచ్చో, దిద్దినప్పుడల్లా అర్థం ఎలా జరుగుతుందో చూడటం ఇందులో ఉన్న సరదా. "ద బస్ వాజ్ లేట్, ఐ మిస్డ్ ద ఇంటర్వ్యూ" తీసుకుందాం. మధ్యలో ఫుల్‌స్టాప్ పెడితే రెండు సంఘటనలు పక్కపక్కన నిలబడతాయి, సంబంధం ఊహించుకోవడం పాఠకుడి వంతు. సెమీకోలన్ పెడితే ఈ రెండింటికీ ఏదో ఉందని సైగ చేసినట్టు. 15వ శతాబ్దం చివర్లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ ముద్రణాలయం వాడుకలోకి తెచ్చిన ఈ చిహ్నం ఇలాంటి సందర్భాలకు చక్కగా పనికొస్తుంది. కాకపోతే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కామా స్పేస్‌బార్ పక్కనే ఉంటుంది, సెమీకోలన్ కోసం ఇంకో పేజీకి వెళ్లాలి. కామా తర్వాత "సో" చేరిస్తే ఫలితం తేటపడుతుంది. "బికాజ్ ద బస్ వాజ్ లేట్" అని మొదలుపెడితే బస్సు వెనక్కి తగ్గి, ఇంటర్వ్యూ తప్పిపోవడం ముందుకొస్తుంది. కంపెనీకి రాసే క్షమాపణ ఉత్తరంలో అదే కావాలి. బస్సువాళ్ల మీద ఫిర్యాదు రాసేటప్పుడు "ద బస్ వాజ్ సో లేట్ దట్ ఐ మిస్డ్ ద ఇంటర్వ్యూ" అంటే దోషి ఎవరో వాక్యమే వేలెత్తి చూపిస్తుంది. కంప్యూటరు తప్పు కింద గీత గీస్తుంది, ఒక సవరణ కూడా చూపిస్తుంది. మీరు రాస్తున్నది క్షమాపణో ఫిర్యాదో మీకు తెలిసినంతగా దానికి తెలియదు.

కామాకు తోడొచ్చి పూర్తి వాక్యాలను కలపగల మాటలు ఇంగ్లీషులో ఏడున్నాయి: ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. మొదటి అక్షరాలు కలిపి ఫ్యాన్‌బాయ్స్ అని గుర్తుపెట్టుకుంటారు. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే జారతారు. "ఐ వాజ్ టయర్డ్, హవెవర్ ఐ ఫినిష్డ్ ద వర్క్" అని రాసి హవెవర్ కూడా కలుపుతుందనుకుంటారు. హవెవర్, దేర్‌ఫోర్, దెన్ చూడటానికి బట్, సో లాగే ఉంటాయి గానీ జాతి వేరు. పరీక్ష తేలిక. మాటను వాక్యంలో కదిపి చూడండి. "ఐ, హవెవర్, ఫినిష్డ్ ద వర్క్" అనవచ్చు. బట్‌ను అలా మధ్యలోకి తీసుకెళ్లలేం. అలా కదలగలిగే మాట వాక్యాలను కలపలేదు. దాని ముందు సెమీకోలనో ఫుల్‌స్టాపో ఉండాల్సిందే.

రెండో ఉచ్చు సర్వనామం. "దిస్ ఈజ్ మై బ్రదర్, హీ వర్క్స్ ఇన్ హైదరాబాద్." హీ అన్నది ముందున్న తమ్ముడినే కదా, రెండోది మొదటిదాని మీద ఆధారపడినట్టే కదా అనిపిస్తుంది. అర్థంలో ఆధారపడింది నిజమే, వ్యాకరణంలో మాత్రం హీ ఒక కర్త, వర్క్స్ ఒక క్రియ, అది స్వతంత్ర వాక్యం. "హైదరాబాద్‌లో పనిచేసే తమ్ముడు" అని మనం క్రియను విశేషణంగా మార్చి నామం ముందు పెట్టేస్తాం. హూ, విచ్ లాంటి మాటల అవసరం మనకు పెద్దగా పడదు. అందుకే ఇంగ్లీషులోనూ అవి చేతికి రావు. హీ తీసి హూ పెడితే వాక్యం కుదురుకుంటుంది.

పూర్తి వాక్యమో కాదో తేలకపోతే చివర "కదా" తగిలించి చూడాలి. "ద బస్ వాజ్ లేట్, వాజంట్ ఇట్?" కుదిరింది. "ఐ మిస్డ్ ద ఇంటర్వ్యూ, డిడంట్ ఐ?" అదీ కుదిరింది. రెండూ పూర్తివే. "బికాజ్ ద బస్ వాజ్ లేట్" ఒక్కదానికే అలా తగిలించలేం. మెయిల్లోని "ప్లీజ్ చెక్"కు కర్త కనిపించదు గానీ లోపల యూ దాగి ఉంది. ఆజ్ఞ కూడా పూర్తి వాక్యమే, దానికీ ముందు ఫుల్‌స్టాప్ దక్కాలి.

కామా స్ప్లైస్ భయం పట్టుకున్నాక కొందరు కనిపించిన ప్రతి కామానూ ఫుల్‌స్టాప్ చేస్తారు. "ఐ డిడ్ నాట్ కమ్. బికాజ్ ఐ వాజ్ ఇల్." తెలుగులో "నేను రాలేదు. ఎందుకంటే ఒంట్లో బాగాలేదు" అని తెంపి చెప్పడం మామూలే. ఇంగ్లీషు పరీక్షల్లో మాత్రం ఆ రెండో ముక్కను అసంపూర్ణ వాక్యం అంటారు. ఒక తప్పు తప్పించుకోబోయి దాని ఎదురింట్లో దూరినట్టవుతుంది.

నియమాన్ని మీరే హక్కు ఎవరికీ లేదా అంటే ఉంది. కార్నెల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ విలియం స్ట్రంక్ తన ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్ పుస్తకంలో కామా స్ప్లైస్ చేయవద్దని గట్టిగా చెప్పి, వాక్యాలు చాలా చిన్నవై ఒకే అచ్చులో ఉంటే కామా ఫర్వాలేదని తనే తలుపు కాస్త తెరిచాడు. 1859లో వచ్చిన డికెన్స్ నవల ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్ మొదలయ్యేదే కామాలతో అల్లిన వాక్యాల వరసతో. 1922లో జేమ్స్ జాయిస్ యులిసిస్ చివరి అధ్యాయంలో విరామచిహ్నాలను దాదాపు పూర్తిగా ఎత్తేశాడు. జర్మన్ భాషలో అయితే రెండు పూర్తి వాక్యాల మధ్య కామా మామూలు సంగతి. కాబట్టి ఇది లోకధర్మమేమీ కాదు, ఇంగ్లీషు రాసేవాళ్లు తమలో తాము చేసుకున్న కట్టుబాటు. డికెన్స్ ఆ కట్టుబాటు తెలిసి, లయ కోసం దాటాడు. ఎస్‌వోపీ చదివే ప్రొఫెసరుకు మనం లయ కోసం దాటామని అనిపించే అవకాశం తక్కువ. ఐఈఎల్‌టీఎస్ రాత పరీక్షలో మార్కులిచ్చే నాలుగు అంశాల్లో వ్యాకరణం ఒకటి, విరామచిహ్నాలు దాని కిందికే వస్తాయి. అమెరికాలో శాట్ పరీక్షలోనూ వాక్యాల హద్దుల మీద ప్రశ్నలుంటాయి.

విచిత్రమేమిటంటే దీని మందు మనం పదో తరగతిలోనే మింగాం. "కంబైన్ ద ఫాలోయింగ్ సెంటెన్సెస్" అన్న ప్రశ్నకు బికాజ్, ఆల్దో, హూ పెట్టి రెండు వాక్యాలను ఒకటి చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. సింపుల్, కాంపౌండ్, కాంప్లెక్స్ అని మార్చి మార్చి రాశాం. ఆ కసరత్తు ఏ జబ్బుకు పనికొస్తుందో ఎవరూ చెప్పలేదు. జబ్బు పేరు చెప్పకుండా మందు బట్టీ పట్టిస్తే పరీక్ష హాలు దాటాక అది గుర్తుండదు. పిల్లలకు ఇంగ్లీషు చెప్పే మాస్టార్లు, పంతులమ్మలు ఆ పాఠం దగ్గర వాళ్ల సెలవు చీటీనే బోర్డు మీద రాసి దిద్దించగలిగితే అంతకన్నా మంచి అభ్యాసం ఉండదు.

మిగతావాళ్లం ఉత్తరమో మెయిలో పంపేముందు ప్రతి కామాకూ ఇటూ అటూ ఒకసారి చూసుకుందాం. రెండు పక్కలా కర్తా క్రియా ఉంటే, కలిపే మాట లేకపోతే, అక్కడ మనం చెప్పాల్సింది ఇంకా ఏదో మిగిలి ఉంది. అది చెప్పేశాకే పంపుదాం.