మంచుకొండలును వార్తాపత్రికలును

మా పాఠశాలలో ఉదయ ప్రార్థన ముగిసిన పిమ్మట ఒక విద్యార్థి ఆనాటి వార్తలను చదివి వినిపించుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. పల్లెలనుండి వచ్చు బాలబాలికలకు లోకము తమ యూరితో ముగియలేదని తెలుపుటకు ఇంతకంటె సులభమైన యుపాయము నాకు తోచదు. కొన్ని సంవత్సరములనుండి ఆ వార్తలలో ఒక విధమైన వార్త తఱచుగా వినబడుచున్నది. భూమి వేడెక్కుచున్నదనియు, మంచుకొండలు కరగుచున్నవనియు, ఇన్నేండ్లలో ఇట్టి యుపద్రవము తప్పదనియు శాస్త్రజ్ఞులు చెప్పిరట. చదివినవాడు కాగితము మడిచి వెళ్లిపోవును. విన్నవారు తరగతులకు పోవుదురు. ఆ వార్త పుట్టించిన ప్రశ్నలు మాత్రము భూగోళశాస్త్రపు గంటలో నాయొద్దకు వచ్చును.

అట్టి ప్రశ్నలలో రెండింటిని ఇచ్చట చెప్పెదను. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, “2030 దాటితే ఇక చేయగలిగినదేమియు లేదట గదా మాస్టారూ! మఱి మేమీ చదువులు చదివి ఏమి లాభము?” అని యడిగినది. ఆమె పరిహాసమునకు అడుగలేదు. ఆమె ముఖము చూచినవారికి అది తెలియును. అదే వారములో ఒక బాలుడు, “ఇదంతా బూటకమని మా నాయన చెప్పినాడండీ. హిమాలయముల మంచంతా పోతుందని వ్రాసినవారే తరువాత తప్పని ఒప్పుకొన్నారట” అనెను. ఒకరు నిరాశలోను ఒకరు నిర్లక్ష్యములోను పడిరి. ఇరువురును పత్రికలు చదువు ఇండ్లనుండి వచ్చినవారే. ఆ బాలుని తండ్రి మాటలో కొంత నిజము కలదు గనుక ముందుగా ఆ కథను మొదటినుండి చెప్పుట మేలు.

1988వ సంవత్సరమున ప్రపంచ వాతావరణ సంస్థయు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగమును కలిసి ఒక సంఘమును స్థాపించినవి. దానికి ఐ.పి.సి.సి. అని పేరు. ఈ సంఘము తానుగా పరిశోధనలు చేయదు. అనేక దేశముల పండితులను కూర్చి, వెలువడిన పరిశోధనలను చదివించి, తూచి, వాని సారమును కొన్ని యేండ్లకొకసారి ప్రకటించును. 2007లో వెలువడిన నాలుగవ నివేదికలో రెండవ సంపుటము 938 పుటలు గలది. అందు ఆసియాఖండమును గూర్చిన ప్రకరణములో ఒక్క పేరా యందు, హిమాలయములలోని హిమానీనదములు 2035 నాటికి, బహుశః అంతకు పూర్వమే, అదృశ్యమగుట మిక్కిలి సంభావ్యమని వ్రాయబడెను. వాని వైశాల్యము 5 లక్షల చదరపు కిలోమీటర్లనుండి 1 లక్షకు తగ్గునని కూడ చేర్చిరి.

ఈ మాట ఎచ్చటినుండి వచ్చినది? ఆ నివేదిక దీనికి ఆధారముగా చూపినది ప్రకృతి సంరక్షణకై పాటుపడు ఒక సంస్థ 2005లో ప్రకటించిన పుస్తకమును. ఆ పుస్తకము దీనిని ఇంగ్లండులో వెలువడు ‘న్యూ సైంటిస్ట్’ అను పత్రికయొక్క 1999 నాటి సంచికనుండి గ్రహించెను. ఆ పత్రిక మన దేశపు శాస్త్రజ్ఞుడొకరితో జరిగిన సంభాషణను బట్టి వ్రాసెను. ఇక వైశాల్యపు లెక్క వేఱొక చోటినుండి వచ్చినది. రష్యా దేశపు భూగోళశాస్త్రజ్ఞుడు కోట్ల్యాకోవ్ 1996లో ధ్రువప్రాంతములు గాక భూమిమీద మిగిలిన హిమానీనదములన్నింటిని గూర్చి 2350వ సంవత్సరమునకు వేసిన అంచనా అది. 2350లోని అంకెలు తారుమారై 2035 అయినదని కొందఱు ఊహించిరి. ఏమైనను, పత్రికలోని మాట శాస్త్రగ్రంథములోనికెక్కి, అచ్చటనుండి గౌరవవస్త్రములు ధరించి మరల పత్రికలలోనికి దిగినది. దిగినప్పుడు దానిని ఎవరును గుర్తుపట్టలేదు.

ఇందులో నాకు వింతగా తోచునదేమనగా, ఈ తప్పును పట్టుటకు గొప్ప పాండిత్యము అక్కఱలేదు. హిమాలయములలోని హిమానీనదములన్నింటిని కలిపినను లక్ష చదరపు కిలోమీటర్లలో సగమునకైనను రావు. అట్టివి 5 లక్షలనుండి తగ్గుట యెట్లు? ఆ ప్రకరణములోనే మఱియొక పట్టిక కలదు. కుమావూను కొండలలోని పిండారీ హిమానీనదము 1845 మొదలు 1966 వఱకు 2840 మీటర్లు వెనుకకు తగ్గెననియు, అనగా ఏటికి 135.2 మీటర్ల చొప్పున తగ్గెననియు అందున్నది. దీనిని నేను ఎనిమిదవ తరగతి వారికి లెక్కగా ఇచ్చితిని. 121 సంవత్సరములచేత భాగించి ఇంచుమించు ఇరువదిమూడున్నర వచ్చినదని వారు చెప్పి, తామే తప్పితిమేమో యని భయపడి రెండుసారులు చేసిరి. తుదకు వెనుక బల్లమీది చిన్నవాడొకడు 21చేత భాగించి చూచి, 135.2 వచ్చినదని కేకవేసెను. నూఱు జాఱిపోయినది! అచ్చైన పుస్తకములో తప్పుండునా యని ఆనాడు ఆ తరగతి పొందిన ఆశ్చర్యము ఏ పాఠమువలనను కలిగియుండదు.

ఈ తప్పు బయటపడిన విధమును చూడుడు. 2009 నవంబరులో మన కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ, భూగర్భ పరిశోధనశాఖలో పనిచేసి విరమించిన వి. కె. రైనాగారి పత్రమునొకదానిని ప్రకటించెను. హిమానీనదములు అసాధారణ వేగముతో తగ్గుచున్నవనుటకు నిదర్శనములు చాలవని వారి వాదము. ఐ.పి.సి.సి. అధ్యక్షులు దానిని మంత్రగాండ్ర శాస్త్రమని త్రోసివేసిరి. పెద్దపదవిలో నున్నవారికి అది తగిన మాట కాదని నా యభిప్రాయము. ఇంతలో కెనడాలోని ట్రెంటు విశ్వవిద్యాలయమున హిమానీనదములను పరిశోధించు గ్రాహం కాగ్లీగారు 2035 అను సంఖ్య జాడ తీయుచు మూలమువఱకు పోయిరి. తాను 2006లోనే హెచ్చరించితినని ఆస్ట్రియా దేశపు గేయోర్గ్ కాజరుగారు చెప్పిరి. 2010 జనవరి 20వ తేదీన ఆ సంఘము ఆ పేరాకు తగిన ఆధారము లేదని ఒప్పుకొని విచారము వెలిబుచ్చెను.

కాగ్లీ, కాజరు గార్లు మంచు కరగుట అబద్ధమని చెప్పినవారు కారు. కరగుచున్నదని కొలిచి చూపిన వారే, కరగు వేగమును అబద్ధముగా చెప్పరాదని పట్టుపట్టిరి. అయితే కొన్ని పత్రికలు ఏమి వ్రాసినవి? నిన్నటి దినము మంచంతయు పోవునన్నవే నేడు శాస్త్రమంతయు పోయినదని వ్రాసినవి. ఒక్క పేరా దిద్దబడగా 938 పుటలు చింపబడినట్లు చదువరి తలంచెను. మా విద్యార్థి తండ్రికి చేరినది ఈ రెండవ వార్త. ఆయనను నేను నిందింపను. ఆయనకు అంతవఱకే చేరవేయబడినది.

మఱి నిజమేమి? అమెరికావారి గూఢచారి ఉపగ్రహములు 1970లలో తీసి, పిమ్మట బహిరంగపఱచిన ఛాయాచిత్రములను తరువాతి కొలతలతో పోల్చి 2019లో ఒక పరిశోధన వెలువడెను. హిమాలయముల పొడవునను 650 హిమానీనదములను చూచి, 1975 మొదలు 2000 వఱకు మంచు తగ్గిన వేగమునకు 2000 తరువాతి వేగము రెండింతలని వారు తేల్చిరి. హిందూకుష్ హిమాలయ పర్వతప్రాంతమును గూర్చి అదే యేట ఖాట్మండునందు ప్రకటింపబడిన నివేదిక, భూమి వేడిమి పెరుగుదలను 1.5 డిగ్రీలకు ఆపగలిగినను ఈ శతాబ్దాంతమునకు అచ్చటి మంచులో మూడవ వంతు పోవునని చెప్పుచున్నది. కారకోరం కొండలలో కొన్ని హిమానీనదములు తగ్గక నిలిచియున్నవి. సింధునదికి మంచునీరు ఎంత ముఖ్యమో గంగకు అంత ముఖ్యము కాదు; గంగ ప్రధానముగా వానలనది. ఇవన్నియు కలిపి చెప్పిన వార్త 2035 అంత రుచిగా నుండదు. దానికి పెద్దక్షరముల శీర్షిక పెట్టుటయు కష్టమే.

ఇక ఆ బాలిక ప్రశ్న. 2018 అక్టోబరులో ఐ.పి.సి.సి. ఒక ప్రత్యేక నివేదికను వెలువరించెను. వేడిమి 1.5 డిగ్రీలను మించకుండవలెనన్నచో బొగ్గుపులుసు వాయువు విడుదల 2010 నాటి మట్టముకంటె 2030 నాటికి సుమారు 45 శాతము తగ్గవలెననియు, 2050 ప్రాంతమున నికరముగా సున్న కావలెననియు అందున్నది. దీనిని పత్రికలు “ఇక పండ్రెండేండ్లే గడువు” అని కుదించినవి. చదివినవారు, ముఖ్యముగా పిల్లలు, పండ్రెండవ యేటి చివర లోకమునకు తలుపు మూయబడునని గ్రహించిరి. నివేదిక చెప్పినది అది కాదు. 1.5 డిగ్రీల యొద్ద ప్రపంచములోని పగడపు దిబ్బలలో 70 మొదలు 90 శాతము వఱకు నశించునని, 2 డిగ్రీలయొద్ద 99 శాతమునకు పైగా నశించునని అదే నివేదికలో కలదు. అనగా ప్రతి అరడిగ్రీకి వేఱువేఱు ఫలితములున్నవి. జ్వరము నూట రెండు దాటినది గదా యని మందు మాన్పించు తల్లి యుండదు. నూట మూడు కాకుండ చూచుకొనును. ఈ మాటయే ఆ బాలికతో చెప్పితిని. ఆమె పూర్తిగా ఒప్పుకొన్నదని చెప్పలేను. “మఱి పేపరువాళ్లు అట్లా ఎందుకు వ్రాయలేదండీ?” అనినది.

ఎందుకు వ్రాయరో నేనును ఆలోచించితిని. వార్త వ్రాయువాడు ఒకడు, దానికి శీర్షిక పెట్టువాడు మఱియొకడు. పరిశోధనలో “కావచ్చును” అని యున్నది శీర్షికలో “ఖాయము” అగును. పుటలో చోటు తక్కువ, ప్రొద్దు తక్కువ. ఇవి క్షమింపదగిన కారణములే. ఇంకొక కారణము మాత్రము మంచి గుణమువలె కనబడుచు కీడు చేయునది. ఉభయపక్షములకును సమానముగా చోటియ్యవలెనని విలేఖరికి నేర్పుదురు. ఇద్దఱు అభ్యర్థుల విషయములో అది ధర్మమే. కాని వేలమంది కొలిచి చెప్పిన దానిని ఒక మెట్టుమీదను, కొలువక కాదను కొలదిమందిని అదే మెట్టుమీదను నిలిపినచో చదువరికి విషయమింకను తేలలేదను భ్రమ కలుగును. అమెరికాలోని నాలుగు ప్రముఖ పత్రికలలో 1988 మొదలు 2002 వఱకు వచ్చిన వ్యాసములను పరీక్షించి, సగమునకు పైగా ఇట్టి సమానత్వమును పాటించినవని ఇద్దఱు పరిశోధకులు 2004లో ప్రకటించిరి. మా సాహిత్యసంఘపు వాదప్రతివాదములలో ఇరుపక్షములకు ఐదేసి నిమిషములిత్తుము. గంట మ్రోగువాడు అక్కడ నిజము తేల్చుచున్నానని అనుకొనడు.

లూకా తన సువార్త మొదటనే, కన్నులార చూచినవారివలన విన్న సంగతులను తాను మొదటినుండి తరచి తెలిసికొని వరుసగా వ్రాయుచున్నానని చెప్పియున్నాడు. బెరయ పట్టణస్థులు పౌలంతటివాడు చెప్పిన మాటనైనను లేఖనములతో పోల్చి చూచిరి. వారిని ఎవరును అవిశ్వాసులనలేదు సరికదా మెచ్చుకొనిరి. మా తరగతిలో ఈ రెండు దృష్టాంతములను చెప్పి, ఒక పెద్ద పుస్తకమును తెఱచితిమి. విద్యార్థులు వాతావరణమును గూర్చిన వార్తలను కత్తిరించి ఎడమప్రక్క అతికింతురు. కుడిప్రక్క నాలుగు గడులు: ఎవరు కొలిచిరి, ఎక్కడ కొలిచిరి, ఎన్నేండ్లు కొలిచిరి, విలేఖరి ఆ పరిశోధనను చదివెనా లేక ఎవరో చెప్పగా వినెనా. రెంటచింతలలో రోహిణికార్తెనాడు ఎండ మండినదను వార్తకు మూడవ గడిలో “ఒక దినము” అని వ్రాసిరి. ముప్పది యేండ్ల సగటునకే శీతోష్ణస్థితి యని పేరని వారికిప్పుడు తెలియును. రెండు తెలుగు రాష్ట్రములలోను వందలమంది ప్రాణములు కోల్పోయిన 2015 మే నెల వడగాడ్పులను గూర్చిన పాత పత్రికయొకటి ఒక బాలుడు ఇంటినుండి తెచ్చెను. అందులో కారణములను గూర్చి ఏమి యున్నదని వెదకిరి గాని దొరకలేదు. మృతుల సంఖ్యయు మంత్రిగారి పర్యటనయు దొరకినవి.

ఇంతవఱకు అరువది పుటలు నిండినవి. “ఎవరు కొలిచిరి” అను గడి ఖాళీగా నున్నవే ఎక్కువ. “శాస్త్రజ్ఞులు” అని మాత్రము వ్రాసిన గడిని ఖాళీగానే లెక్కించుట మా నియమము. పుస్తకము వేసవిలో గ్రంథాలయమునందుండును. జూన్ మాసమున క్రొత్త తొమ్మిదవ తరగతి వారికి అప్పగింపబడును.