నిప్పంటే గిట్టని పండు

సీతాఫలం నిప్పును సహించదు. గుజ్జును గిన్నెలో వేసి పొయ్యి మీద వేడెక్కనిస్తే చాలు, తీపి వెనక నుంచి చేదు తలెత్తుతుంది. అందుకే మా వైపు మరాఠీ ఇళ్లలో సీతాఫలం బాసుంది చేసేవాళ్లు పాలను మరిగించి, చిక్కబరిచి, బాగా చల్లారాకే గుజ్జు కలుపుతారు. ఉసిరిని మురబ్బా పెట్టుకోవచ్చు, జామను జెల్లీ చేసుకోవచ్చు. సీతాఫలంతో అలాంటి ఆటలు సాగవు. తింటే వండకుండా తినాలి, దాచుకుంటే చలిలో దాచుకోవాలి.

గోకుందలో ఉండేవాళ్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. కిన్వట్‌ను ఆనుకున్న ఊరు ఇది. చుట్టూ గుట్టలు, గుట్టల మీద ఎవరూ నాటని సీతాఫలం చెట్లు. దసరా నుంచి దీపావళి దాకా బుట్టలు దిగుతూనే ఉంటాయి. బీడ్ సీతాఫలానికి 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పాలమూరు వైపు బాలానగర్ పేరు మీద ఏకంగా ఒక రకమే ఉంది. మా గుట్టల కాయకు పేరూ లేదు, గుర్తింపూ లేదు. రుచిలో మాత్రం దేనికీ తీసిపోదని నా పక్షపాతం. కిన్వట్ తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయింది. చుట్టరికాలు మాత్రం ఎటూ పోలేదు, మా పెద్దక్క ఇప్పటికీ ఆదిలాబాద్‌లోనే ఉంది.

ఆ అక్కే ఈ వ్యాసానికి కారణం. మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు టీవీలో విని విని, ఉప్పూ నూనే తగ్గించి, చివరికి వండని తిండికి మారింది. మొలకలు, కొబ్బరి, పండ్లు. బావ కోసం వంట మామూలే, ఆ పొయ్యి దగ్గర నిలబడేదీ ఆమే. ఓసారి మా ఫ్రీజర్ తెరిచి, డబ్బాల్లో గడ్డకట్టిన సీతాఫలం గుజ్జు చూసి అడిగింది: “తమ్మీ, ఇది వండని దాని లెక్కల వస్తదా, రాదా?”

నవ్వి తోసేయదగ్గ ప్రశ్న కాదు. వండని తిండి నియమం పెట్టుకున్నవాళ్లు వేడికి ఒక గీత గీస్తారు. కొందరు నలభై డిగ్రీల దగ్గర, కొందరు నలభై ఎనిమిది దగ్గర. ఆ గీత దాటితే తిండిలోని ఎంజైములు చచ్చిపోతాయని వాళ్ల మాట. (మే నెలలో మా డాబా మీద ఆరబెట్టిన మామిడి ఒరుగులు ఆ గీతను మధ్యాహ్నానికల్లా దాటేస్తాయి. అగ్గిపుల్ల గీయకుండానే వంటయిపోయినట్టు!) చలి వైపు మాత్రం ఎవరూ గీత గీయలేదు. గీయాల్సిన పనీ లేదు. ఫ్రీజర్ ఉండే మైనస్ పద్దెనిమిది డిగ్రీల్లో ఎంజైములు చావవు, బాగా మందగిస్తాయి, అంతే.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, సాక్ష్యం గిన్నెలోనే ఉంది. గడ్డకట్టిన సీతాఫలం గుజ్జును బయట పెట్టండి. కరిగేకొద్దీ పైపొర గోధుమరంగుకు తిరుగుతుంది. పండులోని ఒక ఎంజైము గాలితో కలిసి చేసే పని అది. కొన్ని నెలలు చలిలో ఉండి కూడా, కరగ్గానే పనిలోకి దిగిందంటే అది బతికున్నట్టే. చూడ్డానికి బాగుండదని మనం నిమ్మరసం పిండి ఆ రంగును ఆపుకుంటాం. నియమం పాటించేవాళ్లు మాత్రం ఆ రంగును చూసి సంతోషించాలి. అక్కకు అదే చెప్పాను.

కిరాణా కొట్టు ఫ్రీజర్లో దొరికే పచ్చి బఠానీలు ఇలా రంగు మారవు, నిగనిగలాడుతూనే ఉంటాయి. వాటిని గడ్డకట్టించే ముందు వేడినీళ్లలోనో ఆవిరిలోనో కాసేపు ఉంచి, ఇలాంటి ఎంజైములనే చంపేస్తారు కాబట్టి. స్వీట్ కార్న్‌దీ అదే దారి. పండ్లకు సాధారణంగా ఈ వేడినీళ్ల స్నానం ఉండదు. కాబట్టి నియమస్తులు తగాదా పడాల్సింది చలితో కాదు, చలికి ముందు జరిగిన దానితో. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడాలి: చక్కెర కలిపారా, ఇంకేమన్నా కలిపారా అని.

చలి వల్ల పోయేది ఒకటుంది, అది బిగువు. నీరు మంచైతే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతుంది. లోపలి మంచుపలుకులు పండు కణాల గోడలను చీల్చేస్తాయి. నెమ్మదిగా గడ్డకడితే పలుకులు పెద్దవవుతాయి, చీలికా ఎక్కువే. క్లారెన్స్ బర్డ్స్‌ఐ అనే అమెరికావాడు లాబ్రడార్ చలిలో అక్కడి జనం పట్టిన చేపలు నిమిషాల్లో గడ్డకట్టడం చూసి, 1920లలో వేగంగా గడ్డకట్టించే యంత్రాలు తయారుచేశాడు. మన ఇంటి ఫ్రిజ్‌కు ఆ వేగం లేదు. అందుకే మామిడి ముక్క కరిగాక ఉడికినట్టు మెత్తబడి నీరు కారుతుంది. సీతాఫలం గుజ్జుకు ఆ భయం లేదు, అది పుట్టుకతోనే మెత్తన. అయితే కాయను కాయగా ఫ్రిజ్‌లో పెట్టొద్దు: పండదు, తోలు నల్లబడుతుంది. కండ్లు విచ్చి మెత్తబడ్డాక గింజ తీసి గుజ్జే పెట్టాలి. గింజలతో సహా మిక్సీలో వేసేవాళ్లున్నారు, వాళ్లకో దండం. ఆ గింజల పొడి తలలో పేలను చంపడానికి వాడేది, కంట్లో పడితే కన్ను మంట.

వండని తిండి పిచ్చి మా అక్కతో మొదలుకాలేదు. 1893లోనే గాంధీ ప్రిటోరియాలో దీన్ని ప్రయత్నించి, కొన్నాళ్లకే మానుకున్నారు. మళ్లీ ఆయన్ని అందులోకి దించింది ఒక తెలుగాయనే. 1929 ఆంధ్ర పర్యటనలో, రాజమహేంద్రవరంలో ప్రకృతి చికిత్స చేసే సుందరం గోపాలరావు గారు కలిశారు. ఆ జూన్‌లో ‘యంగ్ ఇండియా’లో గాంధీ తన రోజు తిండిని తూకంతో సహా రాశారు: ఎనిమిది తులాల మొలకెత్తిన గోధుమలు, ఎనిమిది తులాల బాదం ముద్ద, ఎనిమిది తులాల నూరిన ఆకుకూర, ఆరు నిమ్మకాయలు, రెండు ఔన్సుల తేనె. ఆగస్టుకల్లా విరేచనాలు పట్టుకుని ప్రయోగం ఆగిపోయింది. ఆ జాబితా చదివిన ప్రతిసారీ నాకు ఆరు నిమ్మకాయల దగ్గరే పళ్లు జివ్వుమంటాయి.

విరేచనాల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి చెప్పాలి. చలి ఎంజైములను చంపనట్టే చాలా క్రిములనూ చంపదు. 2013లో అమెరికాలో టర్కీ నుంచి వచ్చిన గడ్డకట్టిన దానిమ్మ గింజల వల్ల 160 మందికి పైగా హెపటైటిస్ ఎ సోకింది. వండుకుని తినేవాళ్లను చివర్లో నిప్పు కాపాడుతుంది. వండనివాళ్లకు ఆ రక్షణ లేదు, కడిగిన చెయ్యే దిక్కు. గుజ్జు తీసేటప్పుడు చెయ్యి, చెంచా, డబ్బా అన్నీ శుభ్రంగా ఉండాలి. మా ఊళ్లో కరెంటుదీ ఒక పాత్ర ఉంది. ఫ్రీజర్లో గ్లాసు నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టండి. ఊరెళ్లి వచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే, మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ గుజ్జు తినొద్దు.

అక్క ఒప్పుకుంది. ఇప్పుడు ఒక్కపొద్దు రోజున ఆమె సీతాఫలం గుజ్జు తింటుంది, పక్కింటి మరాఠీ మౌషి ఉపవాసమని పల్లీలూ నెయ్యీ దట్టించిన సాబుదానా ఖిచిడీ తింటుంది, ఇద్దరిలో ఎవరిది కఠిన వ్రతమో నేను అడగను. శ్రీరామనవమి దగ్గర మాత్రం కొత్త చిక్కొచ్చింది. వడపప్పు సరే, నానబెట్టిందే. పానకమే తేలలేదు.

“బెల్లం పెద్ద పెనంల కాగినదే గద తమ్మీ, మరి పానకమెట్ల?”

“రాముడికి పెట్టినాక లెక్కలడగొద్దక్కా” అన్నాను. ఒక గ్లాసు తాగి, రెండోది బావకిచ్చింది.